గుమ్మం నుంచి బల్ల దాకా

మల్కాపురంలో తెల్లారిందంటే ముందు తడిగుడ్డ పట్టుకుని కిటికీ ఊచలు తుడవాలి. పోర్టు వైపు నుంచి వచ్చి కూర్చున్న ఎర్ర దుమ్ము వదిలితేగాని ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. దేవకుమారి కిటికీలు తుడిచింది, పొయ్యి వెలిగించింది, ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి గోడకు వేలాడే గుడ్డసంచిలో వేసింది. ఆ పిడికెడు దేవుడిది. సంచి నిండాక బుధవారం ఆడవాళ్ల ప్రార్థన కూడికకు పట్టుకెళ్లి గుళ్లో ఇవ్వాలి. పనిలో ఉన్నంతసేపు ఆమె చెయ్యి ఎక్కడా తడబడదు. పని అయిపోయి, చాప మీద కూర్చున్న కొడుకు ఎత్తుకోమని చేతులు చాచినప్పుడే ఆమె గుండె జారిపోయేది.

బిడ్డ బరువు. ఏ బిడ్డయినా కాస్తో కూస్తో బరువే, కానీ ఈ బిడ్డ సంగతి వేరు. పద్నాలుగు నెలలవాడు. ఆస్పత్రిలో నర్సు తూస్తే ఎనిమిదిన్నర కిలోలు వచ్చాడు. నాయనమ్మ దీవెనమ్మ వాణ్ణి చంకనేసుకుని వీధి చివరి కొళాయి దాకా వెళ్లి, రెండో చేత్తో బిందె పట్టుకుని వచ్చేది. తండ్రి శుభాకర్ వాణ్ణి ఎగరేసి పట్టుకునేవాడు. కన్నతల్లి ఎత్తుకుంటే మాత్రం వాడు ఓడలోకి ఎక్కించే ఇనపరాయి. ఆమె నడుం వంగిపోయేది, మోకాళ్లు వణికేవి, లెక్కపెట్టినట్టు తొమ్మిదో అడుగుకి కూలబడిపోయేది.

వీధిలో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. కొందరు పిల్లలు పాలు తాగరు, కొందరు నిద్రపోరు, వీడు తల్లికి బరువు, అంతే. నర్సయితే చీటీ మీద 'తల్లికి బరువు' అని రాసి, ఐరన్ మాత్రలు ఇచ్చి పంపేసింది. సిటీ బస్సులో ఆమె వాణ్ణి ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటే బస్సు ఆ పక్కకి ఒరిగేది. కండక్టరు సన్యాసిరాజు టికెట్టు చించుతూ, "అమ్మా, బస్సు ఒరిగిపోతన్నాది. కూసింత మద్దిలోకి జరిగి కూసోండి" అనేవాడు. పాపం, అతను విసుక్కోలేదు ఎప్పుడూ. అయినా ఆమెకు బస్సంతా తననే చూస్తున్నట్టు తల కొట్టేసినట్టుండేది. కొంగు కప్పుకుని మధ్యలోకి జరిగేది.

లోపం తనలోనే ఉందని దేవకుమారికి గట్టి నమ్మకం. ఆమె బోర్డింగు పిల్ల. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎవరో మిషన్ బోర్డింగు మెట్ల మీద పెట్టి వెళ్లిపోతే అక్కడే పెరిగింది. నలభై మంది ఆడపిల్లలు, లేవడానికో గంట, తినడానికో గంట, ప్రార్థనకో గంట. ఒకరి జడ ఒకరు వేసుకునేవాళ్లు. కుట్టుపని నేర్పారు, వంట నేర్పారు, కీర్తనలు కంఠతా పట్టించారు. అమ్మ అనే పాఠం మాత్రం ఏ క్లాసులోనూ రాలేదు. తనను ఎవరైనా ఎత్తుకున్నట్టు ఆమెకు గుర్తు లేదు. అందుకే దీవెనమ్మ మనవణ్ణి ఎత్తుకున్నప్పుడల్లా ఓరగా చూసేది, చెయ్యి ఎక్కడ పెడుతోంది, నడుం ఎటు వంచుతోంది అని. అచ్చం అలాగే చేసేది. తొమ్మిదో అడుగు తొమ్మిదో అడుగే.

ఆ తొమ్మిది అడుగులే ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చాయి. వాళ్ల గుడిలో ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డను దేవుడికి ప్రతిష్ఠ చేసే ఆదివారం, తల్లి ఆ బిడ్డను గుమ్మం దగ్గర ఎత్తుకుని పాస్టరు గారి ముందున్న బల్ల దాకా తానే మోసుకెళ్లాలి. ఇరవై రెండు అడుగులు. మధ్యలో ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, తండ్రి కూడా. ఏనాడో తల్లి పోయిన బిడ్డను పిన్ని మోసుకొచ్చిందట. అప్పటినుంచి ఎవరు మోసుకొస్తే వాళ్లే ఆ బిడ్డకు తల్లి అని సంఘం లెక్క. ఆ మాటకు తిరుగులేదు. తన ఈడు వాళ్లందరి పిల్లలకూ మూడో నెలలోనే ప్రతిష్ఠ అయిపోయింది. దేవకుమారి కొడుక్కి మాత్రం పద్నాలుగు నెలలు నిండినా కాలేదు, పేరు కూడా పెట్టలేదు. బాబు అంటే బాబే.

సీతమ్మధారలో శుభాకర్ అక్క జయమణి ఉంటుంది. పెళ్లయి పన్నెండేళ్లు, పిల్లలు లేరు. చెడ్డ మనిషి అయితే దేవకుమారికి ఎంతో సుఖంగా ఉండేది, హాయిగా తిట్టుకునేది. కాదే. వచ్చినప్పుడల్లా తన చేత్తో కుట్టిన చొక్కాలు తెచ్చేది, పిల్లాడికి నలుగు పెట్టేది, వాడి అరికాళ్లు ముద్దు పెట్టుకుని కళ్లు తుడుచుకునేది. ఒక రోజు మెల్లగా మాట కదిపింది. మరదలు మొయ్యలేకపోతే ప్రతిష్ఠకు తాను మోస్తానంది. పాలు ఎలాగూ మాన్పించేస్తున్నారు కాబట్టి అట్నుంచి అటే సీతమ్మధార తీసుకెళ్లి పెంచుకుంటానంది. బైబిల్లో ఒక తల్లి గుళ్లో ఏడ్చి ఏడ్చి కొడుకును కని, పాలు మానగానే వాణ్ణి గుడికి ఇచ్చెయ్యలేదా అని వాక్యం కూడా గుర్తు చేసింది. వాక్యం ఎత్తితే ఆ ఇంట్లో ఎదురు మాట్లాడేవాళ్లు లేరు. దీవెనమ్మ ఆలోచనలో పడింది. శుభాకర్ మింగలేక కక్కలేక కూర్చున్నాడు.

దేవకుమారి ఆ వారం రోజులూ అన్నం సరిగా తినలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బిడ్డను ఎత్తుకుని వీధి గుమ్మం నుంచి పెరటి గోడ దాకా నడిచి చూసింది. తొమ్మిది. మళ్లీ చూసింది. తొమ్మిది. నేల మీద కూలబడి, వాణ్ణి గుండెలకు అదుముకుని, పదమూడు అడుగులు చాలక కొడుకును పోగొట్టుకునే తల్లి లోకంలో తానొక్కతే అనుకుని ఏడ్చింది.

బుధవారం బియ్యం సంచి, బిడ్డ, రెండు బరువులతో బస్సెక్కి కూడికకు వెళ్లింది. పాటలు అయ్యాక పాస్టరమ్మ విజయరత్నమ్మ గారు ప్రార్థన మనవులు ఎవరెవరికి ఉన్నాయని అడిగింది. దేవకుమారి ఎప్పుడూ లేచేది కాదు. ఆ రోజు లేచి నిలబడింది. "నాకు భారం ఎక్కువైపోనాది. ఆ భారం తీసీమని ప్రార్థన సెయ్యండి" అంది. ఏ భారమో చెప్పలేదు. ఎవరూ అడగలేదు, అడగడం అక్కడ మర్యాద కాదు. పాతిక మంది ఆడవాళ్లు ముసుగులేసుకుని, కళ్లు మూసుకుని, దేవకుమారి భారం తియ్యి ప్రభువా అని ఒక్క గొంతుతో అడిగారు. ఆమేన్ అన్నారు.

మర్నాడు పొద్దున్న బిడ్డ తేలికయ్యాడు.

మొదట ఆమె నమ్మలేదు. ఎత్తుకుని తొమ్మిది అడుగులు వేసింది, పది వేసింది, ఇరవై వేసింది. పెరట్లోకి వెళ్లింది, వీధిలోకి వచ్చింది, కొళాయి దాకా వెళ్లి వచ్చింది. నవ్వు ఆగలేదు. మూడు రోజుల్లో వాడు ఖాళీ బుట్టంత అయ్యాడు, వారానికి గుడ్డసంచంత అయ్యాడు. ప్రతిష్ఠ పెట్టించండి, నేనే మోస్తాను అని అత్తతో ధైర్యంగా చెప్పేసింది. దీవెనమ్మ కూడా ప్రభువు కార్యం చేశాడని సంతోషించింది.

అయితే సంతోషానికి అడుగున ఏదో నలుసులా గుచ్చుకునేది. వాడు ఇప్పుడు తల్లిని చూసి చేతులు చాచడం లేదు. ఎత్తుకుంటే వస్తాడు, దింపితే ఉంటాడు. మెడ చుట్టూ చెయ్యి వెయ్యడు. ఆమె భుజం మీంచి ఎటో చూస్తూ ఉంటాడు. శనివారం జయమణి వచ్చి వాణ్ణి ఎత్తుకుని, "అబ్బ, నా చేతులు లాగేస్తున్నాయి. ఎంత బరువెక్కాడే" అని మురిసిపోయింది. దేవకుమారి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

శుభాకర్‌ది పోర్టులో లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగం. భోజనం దగ్గర కాటా కబుర్లు తప్ప వేరే కబుర్లు చెప్పడం అతనికి రాదు. ఆ రోజు కూడా ఏదో లారీ సంగతి చెబుతూ, లోడున్న లారీ గతుకుల్లో కూడా నిమ్మళంగా పోతుందనీ, ఖాళీ లారీయే ఎగిరెగిరి పడుతుందనీ అన్నాడు. ఆ మాట ఆమెకు రెండు రోజులు చెవిలో ఉండిపోయింది. తాను కూడా ఎగిరెగిరి పడుతోంది. వంటింట్లోకి ఎందుకు వచ్చిందో మరిచిపోతోంది. పిల్లాడు ఏ గదిలో ఉన్నాడో వెతుక్కుంటోంది. ఇదివరకు ఒళ్లు తెలియని నిద్రలో కూడా వాడు ఎటు పక్క ఉన్నాడో ఆమె వీపుకు తెలిసేది.

ఆ తర్వాతి బుధవారం కూడిక నుంచి తిరిగొస్తూ దేవకుమారి బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బస్సు ఒరగలేదు. సన్యాసిరాజు మధ్యలోకి జరగమనలేదు. మల్కాపురంలో దిగింది, ఖాళీ అయిన బియ్యం సంచి మడిచి చంకలో పెట్టుకుంది, దారిలో అరకట్ట తోటకూర కొంది, ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంది. పొయ్యి దగ్గర కూర్చుని కూర తరుగుతుంటే దీవెనమ్మ పెరట్లోంచి వచ్చింది.

"పిల్లోడేడే?" అంది.

దేవకుమారి కత్తిపీట మీంచి తలెత్తి చూసింది. ఒళ్లు చూసుకుంది. చాప చూసింది. ఆ తర్వాత ఆమె నోట్లోంచి వచ్చినది మాట కాదు.

చెప్పుల్లేకుండా పరిగెత్తింది. బస్సు స్టాపులో బస్సు లేదు. ఆమె రోడ్డు మధ్యన నిలబడి, వచ్చిన ప్రతి బస్సుకూ అడ్డం వెళ్లింది. అరగంట అయిందో, అరయుగం అయిందో. చివరికి ఆ బస్సే సింధియా స్టాపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. సన్యాసిరాజు ఒక చేత్తో బిడ్డను పట్టుకుని ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో ఆడుకోమని ఇచ్చిన టికెట్ల కట్ట ఉంది.

"సీట్లో ఒగ్గీసి ఎల్లిపోనారమ్మా. పరవానేదు, నాను సూసుకున్నాను," అన్నాడు. ఆమెను ఊరడిద్దామని ఇంకో మాట కూడా అన్నాడు. "పాపం, ఏడవనేదు కూడా."

ఆ రెండో మాటే ఆమెను చంపింది. తల్లి వదిలేసి వెళ్లిపోతే బిడ్డ ఏడవలేదు. మెట్ల మీద పెట్టి వెళ్లిపోయినప్పుడు తాను ఏడ్చిందో లేదో ఆమెకు తెలియదు. ఇప్పుడు తెలిసినట్టయింది. బిడ్డను తీసుకుంది. చేతుల్లో ఏమీ లేనట్టే ఉంది.

ఇంట్లో ఎవరూ తిట్టలేదు. అదే భయంగా ఉంది ఆమెకు. దీవెనమ్మ మనవణ్ణి తీసుకుని లోపలికి వెళ్లి, కొడుకుతో నెమ్మదిగా మాట్లాడింది. వచ్చే ఆదివారమే ప్రతిష్ఠ. జయమణి మోస్తుంది. గుడి నుంచి అలాగే సీతమ్మధార. పిల్లాడి ప్రాణం కంటే పంతాలు ఎక్కువా అంది, అంటూ తానూ ఏడ్చింది. శుభాకర్ భార్య వైపు చూశాడు. ఆమె ఏదైనా అంటే దాన్ని పట్టుకుని నిలబడదామని అతను చూశాడని ఆమెకు తెలుసు. కానీ బిడ్డను బస్సులో మరిచిపోయిన నోటితో ఏమని మాట్లాడుతుంది?

శుక్రవారం పొద్దున్నే ఆమె ఒంటరిగా విజయరత్నమ్మ గారింటికి వెళ్లింది. గోదావరి వైపు నుంచి వచ్చినావిడ. ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా మాట మారలేదు. అరుగు మీద చేటలో కంది పప్పు బాగుచేస్తోంది.

"అమ్మగారూ, నాను తప్పు ప్రార్థన సేసీసాను," అంది దేవకుమారి నిలబడే. మొదలుపెట్టాక ఆగలేదు. తొమ్మిది అడుగులు, కూడిక, తేలికవడం, బస్సు, ఏడవలేదన్న మాట, అన్నీ చెప్పింది.

విజయరత్నమ్మ గారు ఆశ్చర్యపోలేదు. చేట పక్కన పెట్టింది. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు అడిగావు, ఆయన తీసుకున్నాడు. ఆయన్ని అనడానికేముంది? నువ్వు అడిగింది దేన్ని తియ్యమనో నీకు తెలియలేదు. మన కూడికల్లో ఫలానా ఊరి మీద నాకు భారం ఉంది, ఫలానా పిల్లల మీద భారం ఉంది అంటాం. వింటూనే ఉన్నావుగా?"

వింటూనే ఉంది. భారం ఉన్నవాళ్లే ఆ ఊరికి నడిచి వెళ్లేవాళ్లు, ఆ పిల్లల కోసం ఉపవాసం ఉండేవాళ్లు. భారం లేనివాళ్లు పాట పాడి ఇంటికి పోయేవాళ్లు.

"వాడు మీ అత్త దగ్గర తేలిగ్గా ఎందుకున్నాడనుకున్నావు? ఆడుకోవడానికి వెళ్లాడు గనక. నీ మీద మొత్తం బరువు వేసేశాడు, ఒక్క వీసం కూడా తన దగ్గర ఉంచుకోకుండా. నిద్రపోయిన బిడ్డ బరువెక్కుతాడు చూడు, అలాగ."

దేవకుమారి అరుగు మీద కూలబడింది. తనకు చేతకాదనీ, తాను బోర్డింగు పిల్లననీ, తనను ఎవరూ మొయ్యలేదనీ, అలాంటప్పుడు మొయ్యడం ఎలా వస్తుందనీ ఏడుస్తూ అడిగింది.

"ఎవరూ మొయ్యకపోతే ఆ మెట్ల మీంచి ఇక్కడిదాకా ఎలా వచ్చావే తల్లీ?"

ఆ ప్రశ్న ఆమెను ఎవరూ ఏనాడూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడగలేదు. కుక్కలు తిరిగే మెట్లు. ఎవరో తలుపు తీశారు. మశూచి వచ్చిన ఏడాది పక్క మంచం పిల్ల పోయింది, తాను లేచింది. పుట్టిన ఊరు తెలియని పిల్లకు శుభాకర్ లాంటి మనిషి దొరికాడు. కంఠతా పట్టిన కీర్తనల్లో గర్భాన పడ్డప్పటినుంచి జుట్టు నెరిసేదాకా మోసేవాడి మాట ఎన్నిసార్లు అప్పజెప్పిందో. అది తన గురించే అని ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు.

"బిడ్డ నీ మీద, నువ్వు ఆయన మీద," అంది విజయరత్నమ్మ గారు, మళ్లీ చేట అందుకుంటూ. "వాణ్ణి దింపెయ్యమనకు. ఎత్తుకున్న నిన్ను ఎత్తుకోమను. వెళ్లు, బస్సు వచ్చే వేళయింది."

ఆమె ఇంటికి వచ్చి వంటింట్లో మోకరించి ఆ మాటే అడిగింది. నా భారం నాకిచ్చెయ్, నన్ను నువ్వు పట్టుకో అని. లేచి వెళ్లి బిడ్డను ఎత్తుకుంది. తేలిక. శనివారం పొద్దున్న అడిగింది, మధ్యాహ్నం అడిగింది. తేలిక. ఇవ్వడానికి ఆయనకు ఎంతసేపు, తీసుకున్నప్పుడు ఒక్క రాత్రి పట్టలేదు కదా అని నిష్ఠూరమాడింది కూడా. సాయంత్రం దీవెనమ్మ మనవడి బట్టలన్నీ మడిచి ట్రంకు పెట్టెలో సర్దుతుంటే, చిన్న చొక్కా ఒకటి తీసి దిండు కింద దాచుకుంది.

ఆదివారం గుడి నిండిపోయింది. జయమణి పట్టుచీర కట్టుకుని గుమ్మం దగ్గర బిడ్డతో నిలబడింది. చేతులు లాగుతున్నా ముఖం వెలిగిపోతోంది. రిచర్డ్ అని పేరు కూడా అనుకుని వచ్చింది. దేవకుమారి ఆమె పక్కన, గోడకు ఆనుకుని నిలబడింది. లోపల పాస్టరు గారు ఆనవాయితీ ప్రకారం గట్టిగా అడిగారు, ఈ బిడ్డను దేవుడి దగ్గరికి తీసుకొస్తున్న తల్లి ఎవరని.

జయమణి అడుగు ఎత్తింది.

"నాను," అంది దేవకుమారి.

తన గొంతేనా అనుకుంది. గుడిలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. ముందు వరసలో శుభాకర్ లేచి నిలబడిపోయాడు.

"వదినా, బాబుని ఇలగియ్యి."

జయమణి కళ్లలో నీళ్లు తిరిగాయి. "దేవీ, అందరం అనుకున్నదే కదా. ఆ తల్లి ఇచ్చెయ్యలేదా?" అని గొణిగింది.

"ఆ తల్లి దేవుడికిచ్చింది వదినా. ఆడపడుచుకి కాదు."

కోపంగా అనలేదు. ఉన్న మాట ఉన్నట్టు అంది. జయమణి బిడ్డను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. "పడిపోతే?" అంది.

"పడను. పడినా కింద నానే ఉంటాను."

జయమణి బిడ్డను ఇచ్చింది. ఆమె చేతులు మెల్లగా కిందికి జారి, ఏం చెయ్యాలో తెలియక చీర కుచ్చిళ్లు పట్టుకున్నాయి.

దేవకుమారి నడిచింది. ఒకటి, రెండు, మూడు. బిడ్డ గాలిలా ఉన్నాడు. ఆమె భుజం మీంచి మేనత్త వైపే చూస్తున్నాడు. ఏడు, ఎనిమిది. ఇరవై రెండూ ఇలాగే నడిచేయొచ్చు, ఎవరికీ తెలియదు. తనకు తెలుసు. తొమ్మిదో అడుగు దగ్గర ఆమె ఆగిపోయింది. గుడి అంతా ఊపిరి బిగబట్టింది, కూలబడుతుందేమోనని. ఆమె వంగి బిడ్డ చెవిలో, "బరువెయ్యి నాన్నా. నన్ను కూడా మోసేవోడున్నాడు" అంది.

వాడు తల తిప్పాడు. చాలా రోజుల తర్వాత తల్లి ముఖం చూశాడు. తర్వాత ఆవులించి, ఆమె మెడ వంపులో తల పెట్టి, మెడ చుట్టూ చెయ్యి వేసి, బరువంతా వేసేశాడు.

ఆమె కాలి కింద నాపరాయి టప్పున చిట్లింది. నడుం వంగింది, మోకాళ్లు గడగడలాడాయి, కళ్లు బైర్లు కమ్మాయి. ఇదివరకటి కంటే రెట్టింపు ఉన్నాడు. కూలబడాల్సిన మనిషి కూలబడలేదు. వెనక నుంచి ఎవరో నడుం కింద చెయ్యి వేసి ఎత్తిపట్టినట్టు అనిపించింది. తిరిగి చూసే ఓపిక లేదు. పది. పదకొండు. చెమటతో రవిక తడిసిపోయింది. పదిహేను దగ్గర శుభాకర్ చెయ్యి చాచబోయి, ఆనవాయితీ గుర్తొచ్చి, ఆ చేత్తో నోరు మూసుకున్నాడు. దీవెనమ్మ పైకి వినబడేలా అడుగులు లెక్కపెడుతోంది. ఇరవై ఒకటి, ఇరవై రెండు. దేవకుమారి బల్ల అంచు పట్టుకుంది.

పాస్టరు గారు బిడ్డను అందుకోవడానికి చేతులు చాచారు. ప్రతిష్ఠ ప్రార్థన ఆయన చేతుల్లో బిడ్డ ఉండగా చెయ్యాలి. వాడి చంకల కింద చేతులు వేసి ఎత్తబోయారు, రాలేదు. ఊపిరి బిగించి మళ్లీ ఎత్తారు. బిడ్డ తల్లి భుజం మీంచి వీసమెత్తు కదలలేదు. నిద్రపోతున్నాడు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "సరేనమ్మా, నీ దగ్గరే ఉండనీ" అని వాడి తల మీద చెయ్యి పెట్టారు. పేరు అడిగారు.

పద్నాలుగు నెలలుగా ఆమె ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పేరు ఒకటుంది. "విశ్వాసరావు," అంది, చివరి బెంచీ దాకా వినపడేలా.

బయటికి వచ్చాక ఆమె తానే బిడ్డను జయమణి చేతుల్లో పెట్టింది. జయమణి ఎత్తుకుని, ఒకసారి పైకీ కిందికీ ఊపి చూసి, "తేలిగ్గా ఉన్నాడే" అని ఏడ్చేసింది. దేవకుమారి ఆమె భుజం పట్టుకుంది. ప్రతి గురువారం రమ్మంది, చొక్కాలు నువ్వే కుట్టాలి, ఇంకెవరూ కుట్టకూడదు అంది. జయమణి రిక్షా ఎక్కి వెళ్లిపోయింది. రెండు గురువారాలు రాలేదు. మూడో గురువారం చొక్కా గుడ్డ పట్టుకుని వచ్చింది.

ప్రతిష్ఠ జరిగిన ఆ ఆదివారం వాళ్లు ఇంటికి వెళ్లే బస్సు సన్యాసిరాజుదే అయింది. దేవకుమారి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కిర్రుమని ఆ పక్కకి ఒరిగింది. దీవెనమ్మ కడ్డీ పట్టుకుంది. సన్యాసిరాజు టికెట్లు చించుకుంటూ వచ్చి, అలవాటు ప్రకారం, "అమ్మా, బస్సు ఒరిగిపోతన్నాది. కూసింత మద్దిలోకి…" అన్నాడు.

దేవకుమారి తలెత్తి చూసింది. భయం ఎక్కడికీ పోలేదు, పక్కనే కూర్చుని ఉంది. "ఒరగనీండి," అంది. "ఈడి అమ్మని నాను. ఇక్కడే కూసుంటాను. లేచాక ఈడు ఓడలు సూడాలి."

సన్యాసిరాజు ఆమెనూ బిడ్డనూ ఒకసారి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, "ఇటేపు కూసున్నోలు ఓ నలుగురు అటేపు జరగండి బావా, తల్లీబిడ్డా కూసున్నారు" అని కేకేశాడు. నలుగురు మగాళ్లు గొణుక్కోకుండా లేచి అవతలి పక్కకి వెళ్లి నిలబడ్డారు. అతను బెల్లు తాడు లాగాడు. బస్సు సమంగా నిలబడి మల్కాపురం వైపు కదిలింది.